పట్టాల్లేని రైలుబండి!

రైలంటే పట్టాలుండాలి. స్టేషనుండాలి. పచ్చజెండా ఊపే గార్డుండాలి. ఇవేవీ లేకుండా తారురోడ్డు మీద, ఒక్కోచోట ఉత్త ఎర్రమట్టి బాట మీద పరుగులు తీసే రైళ్లు ఉన్నాయంటే నమ్ముతారా? ముందు ఇంజిన్‌లాంటి లారీ ఒకటి. దాని వెనకాల ఒకటి, రెండు, మూడు... ఒక్కోసారి నాలుగు పెట్టెలు! ఆస్ట్రేలియా నడిబొడ్డున ఇది రోజూ కనిపించే దృశ్యమే. వాటిని అక్కడివాళ్లు 'రోడ్ ట్రైన్' అంటారు. వాటి పుట్టుక, వాటి పేర్లలో దాగిన అక్షరాల మర్మం, ఆ అక్షరాల వెనకున్న ప్రాణభయం... ఇవే ఈ వారం సంగతులు.

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన డార్విన్ నగరం. దక్షిణాన పోర్ట్ అగస్టా. ఈ రెంటినీ కలుపుతూ దేశాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయే దారి పేరు స్టువర్ట్ హైవే. పొడవు 2,700 కిలోమీటర్లకు పైనే. మన లెక్కలో చెప్పాలంటే, హైదరాబాద్‌లో బయల్దేరి ఢిల్లీ వెళ్లి, వెనక్కి తిరిగి దాదాపు నాగ్‌పూర్ చేరుకున్నంత దూరం. ఇంత దూరంలోనూ చెప్పుకోదగ్గ ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా ఎర్రటి నేల, పొట్టి పొదలు, పైన మండే సూర్యుడు.

అలాంటి దారిలో దూరంగా ఓ దుమ్ము మేఘం లేస్తుంది. దగ్గరికొచ్చేకొద్దీ అందులోంచి పెద్ద ముక్కున్న లారీ బయటపడుతుంది. ముందు భాగానికి మనిషి నడుమెత్తున లావుపాటి లోహపు కమ్మీల చట్రం. లారీ పక్కనుంచి దూసుకుపోతుంది. హమ్మయ్య అనుకునేలోగా దాని వెనక మొదటి పెట్టె, తరువాత రెండోది, ఆ తరువాత మూడోది... కారు ఒక్కసారిగా ఊగుతుంది. చివరి పెట్టె వెనక పసుపు పలక మీద నల్లటి అక్షరాలు 'రోడ్ ట్రైన్' అని కనిపిస్తే అప్పుడు అయిపోయినట్టు!

దీని పొడవు 53.5 మీటర్ల దాకా ఉండొచ్చు. మన ఆర్టీసీ బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి నాలుగున్నర నిలబెట్టినంత. రైలు పెట్టెల్లో అయితే రెండుంబావు. క్రికెట్ పిచ్‌లు రెండున్నరకు పైనే. సరుకుతో కలిపి బరువు వంద టన్నులు దాటిపోతుంది. మన దేశంలో 2018లో పెంచిన పరిమితి ప్రకారం రోడ్డు మీద మామూలుగా తిరిగే అతి పెద్ద ట్రెయిలర్ లారీకి అనుమతించే మొత్తం బరువు 55 టన్నులు. అలాంటివి రెండు కలిపితే ఎంతో, ఇది ఒక్కటే అంతన్నమాట. మూడు పెట్టెల రోడ్ ట్రైన్‌కి టైర్లు లెక్కపెడితే మామూలుగా అరవై రెండు తేలతాయి. ఇంతటి దాన్ని నడిపే మనిషి మాత్రం ఒక్కడే.

ఒంటెల బాటలో...

ఈ బండ్లు ఎవరి సరదా కోసమో పుట్టలేదు. దూరం పుట్టించింది వీటిని.

పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాలకు సరుకు చేరవేయడం గుర్రాల వల్లా, ఎద్దుల వల్లా కాలేదు. నీళ్లు లేవు, మేత లేదు. అప్పుడు వాళ్ల చూపు మనవైపు పడింది. 1866లో అప్పటి ఉమ్మడి భారతంలోని కరాచీ రేవు నుంచి వందకు పైగా ఒంటెలు, వాటిని తోలే మనుషులు ఓడలో పోర్ట్ అగస్టా చేరుకున్నారు. వచ్చినవాళ్లలో అఫ్గాన్లు, బలూచీలు, పంజాబీలు, సింధీలు... రకరకాల వారున్నా అక్కడివాళ్లు అందరినీ కలిపి 'ఘాన్లు' అనేశారు. ఒకదాని తోకకు ఇంకొకదాని ముకుతాడు కట్టినట్టు వరసగా సాగే ఆ ఒంటెల బారును 'కేమెల్ ట్రైన్' అని పిలిచేవారు. అంటే ఎడారిలో ట్రైన్ అన్న మాట రోడ్డు బండికంటే ముందు ఒంటెలకే దక్కింది. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే ప్రసిద్ధ రైలుకి 'ది ఘాన్' అన్న పేరు కూడా ఆ ఒంటెలవాళ్ల జ్ఞాపకమేనంటారు.

ఆ రైలు కథలోనే రోడ్ ట్రైన్ కథ కూడా ఉంది. దక్షిణం నుంచి వేసుకుంటూ వచ్చిన రైలు మార్గం 1929లో దేశం మధ్యలోని ఆలిస్ స్ప్రింగ్స్ దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్నుంచి డార్విన్‌కి పట్టాలు పడి మొదటి రైలు నడిచేసరికి 2004 వచ్చింది. డెబ్భై అయిదేళ్లు! ఈ మధ్యకాలంలో పిండీ పంచదారా దగ్గర్నుంచి పశువులూ పెట్రోలూ దాకా మోసుకెళ్లడానికి పట్టాలతో పనిలేని రైలు కావాల్సి వచ్చింది.

నిజానికి రోడ్డు మీద రైలు నడపాలన్న ఆలోచన అంతకు ముందే ఫ్రాన్సులో పుట్టింది. చార్లెస్ రెనార్డ్ అనే సైనికాధికారి 1903లోనే అలాంటి బండిని తయారుచేసి చూపించాడు. ముందున్న ఇంజిన్ నుంచి పొడవాటి ఇరుసు ద్వారా వెనకున్న ప్రతి పెట్టె చక్రాలకూ శక్తి అందేలా ఏర్పాటు చేశాడు. ఆలోచన గొప్పదే కానీ యంత్రాంగం మరీ చిక్కు. ఎక్కువకాలం నిలవలేదు.

1934లో బ్రిటన్‌లో తయారైన ఎనిమిది చక్రాల ఏఈసీ లారీ ఒకటి ఆస్ట్రేలియాకు వచ్చింది. ఎనిమిది చక్రాలకూ ఇంజిన్ శక్తి అందుతుంది. వెనక రెండు ట్రెయిలర్లు. మొత్తం మీద పదిహేను టన్నుల సరుకు. ఇప్పుడు మనకది ఓ మోస్తరు లారీ మోసే బరువే. ఆ రోజుల్లో, రోడ్డే లేని ఎడారిలో, ఒంటెల గుంపు వారాల తరబడి చేసే పనిని అది రోజుల్లో ముగించేది. జనం దాన్ని 'గవర్నమెంట్ రోడ్ ట్రైన్' అనేవారు.

అయితే ఇప్పటి రోడ్ ట్రైన్‌కి అసలు తండ్రి మాత్రం కర్ట్ జొహన్సెన్ అనే ఆలిస్ స్ప్రింగ్స్ మెకానిక్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న సామాన్లలో యుద్ధట్యాంకుల్ని మోసే 'డైమండ్ టి' లారీ ఒకటి ఆయన చేతికొచ్చింది. దానికి 'బెర్తా' అని ముద్దుపేరు పెట్టుకున్నాడు. వెనకాల పశువుల్ని ఎక్కించే ట్రెయిలర్లు తగిలించాడు. ముందు లారీ ఏ జాడలో వెళ్తే వెనక ట్రెయిలర్లు కూడా సరిగ్గా అదే జాడలో వచ్చేలా వాటి చక్రాలకు తిరిగే ఏర్పాటు చేశాడు. అప్పటిదాకా పశువుల మందల్ని గుర్రాల మీద కాపలా కాస్తూ నెలల తరబడి తోలుకెళ్లేవారు. దారిలో కొన్ని చచ్చేవి, మిగిలినవి బక్కచిక్కిపోయేవి. లారీ రావడంతో ప్రయాణం ఒకట్రెండు రోజులకు తగ్గింది. ఆ దెబ్బకి తరతరాలుగా మందలు తోలుకుంటూ బతికిన వారి వృత్తి కూడా క్రమంగా కనుమరుగైంది. 1960లలో పశువుల లారీల కోసమే ప్రభుత్వం ప్రత్యేకంగా రోడ్లు వేయించింది కూడా.

ఏ, బీ, సీ... ఏమిటీ అక్షరాలు?

మన దగ్గర లారీ ఎంత పెద్దదో చెప్పాలంటే టైర్లు లెక్కపెడతాం. ఆరు టైర్ల లారీ, పది టైర్ల లారీ, పన్నెండు టైర్లది, పద్నాలుగు టైర్లది... ఇసుక లారీ బేరం దగ్గరా ఇదే లెక్క. ఆస్ట్రేలియాలో మాత్రం టైర్లను కాదు, పెట్టెకూ పెట్టెకూ మధ్య ఉన్న ముడిని చూసి పేరు పెడతారు. ఈ ముడి సంగతి అర్థమైతే పేర్లన్నీ ఇట్టే తెలిసిపోతాయి.

ముందుండే ఇంజిన్ లారీని అక్కడ 'ప్రైమ్ మూవర్' అంటారు. దానికి సొంతంగా సరుకు మోసే తొట్టి ఉండదు. వీపు మీద బల్లపరుపుగా గుండ్రటి ఇనప పళ్లెం ఉంటుంది. దాన్ని 'ఫిఫ్త్ వీల్' అంటారు. ట్రెయిలర్ ముందు భాగం అడుగున ఉండే మందపాటి ఇనప మేకు ఈ పళ్లెం మధ్యలో బిగుసుకుంటుంది. అంటే ట్రెయిలర్ సగం బరువు తన చక్రాల మీద, సగం లారీ వీపు మీద. మన హైవేల మీద కంటైనర్లు మోసుకెళ్లే ట్రెయిలర్ లారీలన్నీ ఇలాంటివే. ఇంతవరకూ పేచీ లేదు. రెండో పెట్టె ఎలా తగిలించాలన్నదే ప్రశ్న. దానికి మూడు దారులు.

మొదటిది 'ఏ' ముడి. మొదటి పెట్టె వెనక కొక్కేనికి ఒక చిన్న చక్రాల బండిని తగిలిస్తారు. దాని పేరు 'డాలీ'. ఎద్దుబండికి నొగలాగా ముందుకు ఒకే ఒక్క కమ్మీ ఉంటుంది దీనికి. డాలీ వీపు మీద మళ్లీ గుండ్రటి పళ్లెం. రెండో పెట్టె దాని మీద కూర్చుంటుంది. కొక్కెం దగ్గర ఒక మలుపు, పళ్లెం దగ్గర ఇంకో మలుపు. అంటే ఒక్కో పెట్టెకి అదనంగా రెండు కీళ్లు.

రెండోది 'బీ' ముడి. ఇందులో డాలీ ఉండదు. మొదటి పెట్టె వెనక భాగమే కాస్త వెనక్కి చొచ్చుకొచ్చి, దాని చక్రాల మీదే పళ్లెం ఉంటుంది. రెండో పెట్టె నేరుగా వచ్చి దాని మీద కూర్చుంటుంది. కీలు ఒక్కటే. బిగువు ఎక్కువ.

మూడోది 'సీ' ముడి. ఇందులోనూ డాలీ ఉంటుంది కానీ ఒక కమ్మీకి బదులు పక్కపక్కన రెండు కమ్మీలుంటాయి. జోడు కమ్మీల వల్ల కొక్కెం దగ్గర డాలీ అటూ ఇటూ తిరగలేదు. ఇది ఎక్కువగా కెనడాలో వినపడే పేరు.

ఇప్పుడు పేర్లు చదవడం తేలిక. రెండు పెట్టెల మధ్య బీ ముడి ఉంటే 'బీ-డబుల్'. పొడవు 26 మీటర్ల దాకా. ఆస్ట్రేలియాలో పెద్ద నగరాల మధ్య ఎక్కువగా తిరిగేది ఇదే. అదే రెండు పెట్టెల మధ్య ఏ ముడి ఉంటే 'ఏ-డబుల్'. 36.5 మీటర్ల దాకా పోయే ఈ రకంతోనే అసలు రోడ్ ట్రైన్లు మొదలవుతాయి. మూడు పెట్టెలూ బీ ముళ్లతో ఉంటే 'బీ-ట్రిపుల్'. మొదటి ముడి ఏ, రెండోది బీ అయితే 'ఏబీ-ట్రిపుల్'. ఇక రెండు బీ-డబుళ్లను తెచ్చి నడుమ డాలీతో కలిపితే? ముందు నుంచి వెనక్కి ముళ్లు చదువుకుంటూ పోండి... బీ, ఏ, బీ. నాలుగు పెట్టెల ఆ బండి పేరు 'బీఏబీ-క్వాడ్'. ఇంట్లో పిల్లలకి ఓ పొడుపు కథలా ఇవ్వొచ్చు: 'ఏబీబీ-క్వాడ్' ఎలా ఉంటుందో బొమ్మ గీయమని!

తలో దేశం... తలో పేరు

అమెరికా వాళ్లు అక్షరాల జోలికి పోలేదు. బండి ఎక్కడ తిరుగుతుందో ఆ చోటు పేరే పెట్టేశారు. ముందు పొడవాటి పెట్టె, వెనక 28 అడుగుల పొట్టి పెట్టె ఉంటే 'రాకీ మౌంటెన్ డబుల్'. పడమటి రాష్ట్రాల కొండదారులకు అలవాటైన బండి అది. రెండూ పొడవాటివే అయితే 'టర్న్‌పైక్ డబుల్'. టర్న్‌పైక్ అంటే టోలు కట్టి వెళ్లే రహదారి. 28 అడుగుల పొట్టి పెట్టెలకు 'పప్' అని ముద్దుపేరు. అంటే కుక్కపిల్ల! అమ్మ వెనకాల గునగునా నడిచే పిల్లలన్నమాట. 1982లో వచ్చిన చట్టం రెండు పప్‌లు కట్టుకున్న లారీని దేశమంతటా ప్రధాన రహదారుల మీద అనుమతించింది. అంతకంటే బరువైన, పొడవైన బండ్ల సంగతికొచ్చేసరికి 1991లో మరో చట్టం అడ్డుగీత గీసింది. అప్పటికి ఏ రాష్ట్రంలో ఏవి తిరుగుతున్నాయో అవే, కొత్తగా ఎక్కడా పెంచకూడదని.

కెనడాలో రాజ్యమేలేది ఎనిమిది ఇరుసుల 'సూపర్ బీ'. సుమారు 63 టన్నులు. ధాన్యం, దుంగలు, ఇంధనం... ఏదైనా దాని మీదే. దక్షిణాఫ్రికాలో బీ-డబుల్‌నే 'ఇంటర్‌లింక్' అంటారు. బ్రెజిల్ వాళ్ల భాషలో 'త్రెం' అంటే రైలు. రెండు పెట్టెలు బీ ముడితో ఉంటే 'బిత్రెం', డాలీతో ఉంటే 'రోడోత్రెం'. అక్కడి చెరకు తోటల నుంచి ఫ్యాక్టరీలకు గడలు మోసే బారు బండ్లు చూస్తే మన చెరకు సీజనే గుర్తొస్తుంది. కాకపోతే మనది ట్రాక్టరు, వాళ్లది భారీ లారీ.

ఐరోపాది ఇంకో కథ. స్వీడన్‌లో ముందునుంచీ 24 మీటర్ల లారీలున్నాయి. మిగతా దేశాల్లో అంత పొడవు ఒప్పుకోరు. 1995లో స్వీడన్, ఫిన్లాండ్‌లు ఐరోపా యూనియన్‌లో చేరినప్పుడు ఇదే పెద్ద తకరారైంది. చివరికి ఓ మధ్యేమార్గం దొరికింది. అందరూ వాడే కొలతల పెట్టెల్నే తీసుకుని, పిల్లల ఆటబిళ్లల్లా ఒకదానికొకటి తగిలించుకుంటే మొత్తం పొడవు 25.25 మీటర్లు వస్తుంది. ఇష్టమైన దేశం తన రోడ్ల మీద దాన్ని ఒప్పుకోవచ్చు. ఫిన్లాండ్ 2019లో దాన్ని కూడా దాటి 34.5 మీటర్లకు వెళ్లింది. జర్మనీలో మాత్రం 'గిగాలైనర్' అన్న మాట వింటేనే చాలామంది భగ్గుమన్నారు. రైళ్లకు దక్కాల్సిన సరుకు రోడ్డెక్కుతుందని, వంతెనలు తట్టుకోలేవని వాదన. 2012 నుంచి అయిదేళ్లు పరీక్షించి, బరువు పెంచకుండా పొడవు ఒక్కటే పెంచి, 2017 నుంచి ఎంపిక చేసిన దారుల్లో అనుమతించారు.

రైలాట చెప్పే పాఠం

ఏ ముడా, బీ ముడా అన్నది పేరు గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. అది ప్రాణాల సంగతి.

బడి ఆవరణలో పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలాట ఆడటం చూసే ఉంటారు. ముందున్నవాడు చటుక్కున పక్కకు తిరిగితే నడిమివాళ్లు కాస్త తూలతారు. చివరి బుడ్డోడు మాత్రం ఎగిరి దూరంగా పడతాడు. సరిగ్గా ఇదే రోడ్ ట్రైన్‌లోనూ జరుగుతుంది. అడ్డమొచ్చిన జంతువును తప్పించబోయి డ్రైవరు స్టీరింగు ఒక్కసారి అటూ ఇటూ తిప్పాడనుకోండి. ఆ తోపు ఒక్కో కీలు దాటేకొద్దీ పెరుగుతుంది. చివరి పెట్టె దగ్గరికొచ్చేసరికి రెండింతలో, అంతకంటే ఎక్కువో అవుతుంది. ముందు కూర్చున్న డ్రైవరుకి ఒంట్లో చిన్న కుదుపు తెలుస్తుందంతే. వెనక పెట్టె అప్పటికే ఒకవైపు చక్రాల మీద లేచి ఉంటుంది!

అందుకే కీళ్లు తక్కువున్న బీ ముడి వేగంలో నిలకడైనది. పైగా పెట్టెలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి కనుక ఒకటి ఒరగబోతే రెండోది పట్టి ఆపుతుంది. కెనడాలో 1980లలో పెద్దఎత్తున పరీక్షలు చేసి, 1988లో రాష్ట్రాలన్నీ బీ రకానికి ఎక్కువ బరువు మోసే వెసులుబాటు ఇవ్వడానికి కారణం ఇదే.

మరైతే ఏ ముడిని పూర్తిగా వదిలేయొచ్చుగా? అక్కడే ఉంది తిరకాసు. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. పాతకాలం పల్లెల్లో సందు మొగన గోడ మూలకు ఓ రాయి పాతేవారు, గుర్తుందా? ఎద్దుబండి తిరిగేటప్పుడు వెనక చక్రం మూలను కోసుకుంటూ పోతుందని. పొడవాటి పెట్టె కూడా అంతే. మలుపులో వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. బీ ముడిలో ఈ కోత ఎక్కువ. డాలీలున్న ఏ ముడిలో పెట్టెలు పాములా మెలికలు తిరుగుతూ ముందు జాడను కాస్త దగ్గరగా అనుసరిస్తాయి. పైగా గమ్యం చేరాక డాలీ విప్పేస్తే ఏ పెట్టెకా పెట్టె మామూలు ట్రెయిలరే. మారుమూల పశువుల క్షేత్రానికో, గనికో వెళ్లే బండికి ఈ సదుపాయం కావాలి. ఎక్కడ నిలకడ ముఖ్యమో, ఎక్కడ మలుపు ముఖ్యమో చూసి ముడి ఎంచుకోవాలి.

అందుకే ఆస్ట్రేలియాలో రోడ్ల పటాల మీద ఏ దారిలో ఏ రకం తిరగొచ్చో గీతలు గీసి ఉంటాయి. ఒక్క అక్షరం తేడా వస్తే ఆ బండికి ఆ దారి మూసినట్టే. మూడు పెట్టెల బండి మహానగరంలోకి నేరుగా రాలేదు. పొలిమేరలో విశాలమైన ఖాళీ మైదానాలుంటాయి. అక్కడ పెట్టెలు విప్పి, ఒకటో రెండో తగిలించుకుని ఊళ్లోకి వెళ్తారు. మళ్లీ వచ్చి మిగతావి తీసుకెళ్తారు. మన జంక్షన్లలో రైలు పెట్టెల్ని విడదీసి కలుపుతారే, అచ్చం అలాగే.

దాటాలంటే కిలోమీటరున్నర!

అక్కడికెళ్లే మనవాళ్లకు పనికొచ్చే లెక్క ఒకటుంది. చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లిన తెలుగు పిల్లలు సెలవుల్లో కారు అద్దెకు తీసుకుని ఎడారి చూడ్డానికి బయల్దేరడం మామూలే. రోడ్ ట్రైన్ గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మీ అబ్బాయి కారు 110లో ఉంది. తేడా 20. వెనక నలభై మీటర్ల నుంచి మొదలుపెట్టి, 53 మీటర్ల బండిని దాటి, ముందు మరో నలభై మీటర్ల ఎడం వచ్చాక తన వరసలోకి రావాలంటే పట్టే సమయం పాతిక సెకన్లు. ఆ పాతిక సెకన్లలో కారు 760 మీటర్లకు పైగా పోతుంది. ఎదురుగా అదే వేగంతో ఇంకో కారు వస్తోందనుకుంటే అదీ అంత దూరం వస్తుంది. అంటే కనుచూపు మేరలో కిలోమీటరున్నర ఖాళీగా ఉంటేనే దాటాలి. మన రోడ్ల మీద లారీని దాటే అలవాటుతో 'ఆ ఎంతసేపులే' అనుకుంటే అదే ఆఖరి ప్రయాణం కావచ్చు. ఎదురుగా రోడ్ ట్రైన్ వస్తుంటే వేగం తగ్గించి ఎడమ అంచుకు జరగడం, రాత్రిపూట ప్రయాణం మానుకోవడం మేలు. అక్కడా మనలాగే ఎడమవైపు నడపడం ఒక్కటే కాస్త ఊరట.

రాత్రి ఎందుకొద్దంటే, చాలాచోట్ల కంచెల్లేవు. కంగారూలు, పశువులు రోడ్డు మీదికొస్తాయి. రోడ్ ట్రైన్ ముందున్న ఆ లోహపు చట్రం అందుకే. జంతువు అడ్డమొస్తే స్టీరింగు తిప్పకూడదన్నది అక్కడి డ్రైవర్లు నేర్చుకునే మొదటి పాఠం. వినడానికి కఠినంగా ఉంటుంది. తిప్పితే ఏమవుతుందో రైలాటలో చూశాంగా! ఇక బ్రేకులు. అవి గాలితో పనిచేస్తాయి. ముందు తొక్కిన బ్రేకు కబురు యాభై మీటర్ల గొట్టం దాటి చివరి చక్రానికి చేరాలి. ఆ జాప్యం తగ్గించడానికి దారి పొడవునా వాల్వులు, ఈమధ్య కాలంలో ఎలక్ట్రానిక్ బ్రేకులు వచ్చాయి. డ్రైవరుకి లైసెన్సు కూడా ప్రత్యేకం. 'మల్టీ కాంబినేషన్' అని అన్నిటికంటే పై మెట్టు. కిందివాటితో అనుభవం వస్తేగానీ ఇవ్వరు. తూర్పు, దక్షిణ రాష్ట్రాల్లో అమల్లో ఉన్న జాతీయ నిబంధన ప్రకారం మామూలుగా ఒక డ్రైవరు రోజులో 12 గంటలకు మించి పనిచేయకూడదు. బండి ఆపి కనీసం ఏడు గంటలు ఏకబిగిన విశ్రాంతి తీసుకోవాలి. క్యాబిన్ వెనకే ఓ మంచం. ఆ ఇరుకు గదిలోనే వారాలు గడుస్తాయి. వందల కిలోమీటర్లు మనిషి జాడ ఉండదు. బండి బరువు కంటే ఆ ఒంటరితనమే బరువనిపించే రోజులుంటాయి.

అలాంటి మనుషులు ఆగిపోతే ఏమవుతుందో 2022 జనవరిలో ఆ దేశానికి తెలిసొచ్చింది. దక్షిణ ఆస్ట్రేలియాలో కుండపోత వానలకు పశ్చిమానికి వెళ్లే రైలు మార్గం కొట్టుకుపోయింది. స్టువర్ట్ హైవే కూడా నీట మునిగింది. రోజుల వ్యవధిలో పెర్త్, డార్విన్ సూపర్ మార్కెట్లలో అరలు ఖాళీ అయ్యాయి. ఎడారిలో దుమ్ము రేపుకుంటూ పోయే ఆ లారీ మోసేది ఒక ఊరి వారం రోజుల వంటగదినన్న సంగతి అప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

అన్నట్టు, సరదాకి చేసిన ఘనకార్యమూ ఒకటుంది. 2006 ఫిబ్రవరి 18న క్వీన్స్‌లాండ్‌లోని క్లిఫ్టన్‌లో ఒకే ఒక్క మాక్ లారీకి 112 ట్రెయిలర్లు తగిలించారు. మొత్తం పొడవు 1,474.3 మీటర్లు. ఒక కొస నుంచి రెండో కొసకు నడవడానికే పావుగంటకు పైగా పడుతుంది! ఆ లారీ వాటన్నిటినీ కదిలించి కొంతదూరం లాగింది. గిన్నిస్ రికార్డు చేతికొచ్చింది.

మన దారికి వస్తే...

బారు బండ్లు మనకు మరీ కొత్తేం కాదు. చెరకు కోతల రోజుల్లో ఒక ట్రాక్టరు వెనక జోడు ట్రాలీలు చాలా జిల్లాల్లో కనిపిస్తాయి. రేవుల నుంచి విద్యుత్ కేంద్రాలకు యంత్రాలు మోసే వందల చక్రాల బండ్లు పోతుంటే ఊరంతా రోడ్డెక్కి చూస్తుంది. అవి ప్రత్యేక అనుమతితో, ముందూ వెనకా మనుషులు నడుస్తుండగా నత్తనడకన పోయేవి. రోజువారీ సరుకు మోసే రోడ్ ట్రైన్ మాత్రం మనకు కొత్తే.

2020లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి ఎంపిక చేసిన దారుల్లో రోడ్ ట్రైన్లకు వీలు కల్పించింది. గరిష్ఠ పొడవు ఎంతో తెలుసా? 25.25 మీటర్లు. అవును, ఐరోపాలో స్వీడన్ కోసం కుదిరిన రాజీ అంకే! 2025లో నాగ్‌పూర్‌లో రెండు పెట్టెల రోడ్ ట్రైన్‌ను జెండా ఊపి పంపించారు కూడా.

లాభం కళ్లముందే కనిపిస్తోంది. ఒకే ఇంజిన్, ఒకే డ్రైవరు, ఎక్కువ సరుకు. టన్నుకు ఖర్చయ్యే డీజిలు తగ్గుతుంది. పొగా తగ్గుతుంది. డ్రైవర్లు దొరక్క లారీలు షెడ్లలో నిలబడుతున్న ఈ రోజుల్లో యజమానులకు ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆస్ట్రేలియా ఎడారిలో గంటకు ఒక కారు ఎదురొస్తే గొప్ప. మన హైవే మీద ఎదురుదారిలో వచ్చే ట్రాక్టరు, మధ్యలో దాటే బడిపిల్లలు, మలుపులో ఆగిన ఆటో, వెనక లైట్లు లేకుండా నిలబెట్టిన టిప్పరు... అందరూ ఉంటారు. కంచె వేసిన ఎక్స్‌ప్రెస్ వేల మీద నడిచే బండి, కంచె దాటి మామూలు రోడ్డెక్కితే ఏమిటన్నదే అసలు ప్రశ్న. అక్కడివాళ్లలా ఊరి పొలిమేరలో పెట్టెలు విప్పే మైదానాలు మనకూ కావాలి. ప్రత్యేక లైసెన్సు కావాలి. డ్రైవరు కాళ్లు చాపుకుని పడుకునే చోటు కావాలి.

ఎనభై ఏళ్లుగా ఆ బండ్లతో బతుకుతున్న దేశం నేర్చుకున్నది ఒక్కటే. ఎంత లాగగలం అన్నది ఇంజిన్ చెబుతుంది. ఎక్కడ దాకా లాగొచ్చన్నది మాత్రం ముడి చెప్పాలి, రోడ్డు చెప్పాలి, ముందు కూర్చున్న ఆ ఒక్క మనిషి కళ్లలోని నిద్ర చెప్పాలి. ఈసారి హైవే మీద పొడవాటి లారీ కనిపిస్తే టైర్లు లెక్కపెట్టే పిల్లలకి, కాస్త ఆ ముడి వైపు కూడా చూడమని చెప్పండి.